చీటీలో లేని మందు

శివరాత్రి ఇంకా రాలేదు, ఎనుమాముల యార్డులో ఎండ మాత్రం ముదిరింది. గేటు దాటగానే ముందు మీ ముక్కుకే తెలుస్తుంది, ఇవాళ మిర్చి బాగా దిగిందని. రెండు తుమ్ములకే కళ్లలో నీళ్లు. రుమాలు తీసి మూతికి కట్టుకుంటారు. ఎడమపక్క కుప్ప చపాటా రకం, పొట్టిగా, ఉబ్బెత్తుగా, నిండు ఎరుపు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ కాయ అదే. దానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. మిమ్మల్ని ఏడిపిస్తున్నది పక్కనున్న తేజ.

నలభై కిలోల పైచిలుకు బస్తాను వీపున వేసుకొని ఒక హమాలీ మీ ముందు నుంచి వంగి నడిచిపోతాడు. యాభై దాటిన మనిషి. బస్తా దించాక నడుము పట్టుకొని నిలబడి, గట్టిగా దగ్గి, లుంగీ మడతలోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీస్తాడు. అందులో బీడీకట్ట, అగ్గిపెట్టె, కిరాణా కొట్టులో కొన్న జలుబు గోలీలు. ఒక గోలి నోట్లో వేసుకొని చెంబెడు నీళ్లు తాగుతాడు. మిర్చి సీజనంతా ఇదే. గోలి వేసుకోకపోతే ముక్కు ఆగదు, ముక్కు ఆగకపోతే కూలి పడదు.

ఆ మనిషికి పేరు పెట్టను. ఒక్కడు కాడు. ఇలాంటి చాలామంది ఒక్కటిగా కలిస్తే అయ్యే మనిషి. కొన్నిరోజులు అతని వెంట నడవండి.

జలుబు గోలిలో ఉన్నది క్లోర్‌ఫెనిరమిన్. తుమ్ములను ఆపే పాతకాలపు మందు, మెదడులోకి చొరబడి నిద్ర కూడా తెస్తుంది. పగలు బస్తాలు మోసేవాడికి ఆ మత్తు పెద్దగా తెలియదు, చెమటలో పోతుందనుకుంటాడు. పోదు. సాయంత్రం దాకా ఒంట్లోనే ఉంటుంది, ఇంకోదాని కోసం ఎదురుచూస్తున్నట్టు.

ఆ ఇంకోటి కల్లు.

పొద్దుగూకుతుండగా అతను రోడ్డుదాటి సందులోకి తిరుగుతాడు. మీరూ తిరగండి. రేకుల షెడ్డు, సిమెంటు బల్లలు, ప్లాస్టిక్ డబ్బాల నిండా సీసాలు. ఒకామె గుడాలు ఉడకబెట్టి ఉల్లిగడ్డ కోసి పెట్టుకుంది, పక్కన బోటి కూర మూకుడు. హమాలీలు, ఆటో నడిపేవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఒక ముసలవ్వ. గొడవేమీ లేదు. సారా దుకాణంలా కాకుండా ఇక్కడ జనం మెల్లగా కూర్చుంటారు, మెల్లగా మాట్లాడుకుంటారు, ఇంకా మెల్లగా లేస్తారు. లేచే తీరే కొంచెం అనుమానం పుట్టిస్తుంది.

అతను రెండో సీసాలో ఒక గుక్క మీకు పోస్తాడు. "రుచి సూడన్నా." చూస్తారు. తియ్యగా ఉంది. టైము రాత్రి ఏడు.

తాటివనంలో కల్లు తాగి ఎరిగినవాళ్లకు ఈ తీపి నచ్చదు. తెల్లవారుజామున గీత కార్మికుడు మోకు ముస్తాదుతో చెట్టెక్కి దించిన లొట్టిలో నీరు తియ్యగానే ఉంటుంది, నిజమే. కానీ గాలిలోని ఈస్టు ఆ చక్కెరను గంటల్లో పట్టేస్తుంది. మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఇంకా పులుపు. తాటాకు రేకలో పోసుకొని తాగితే పొంగు మూతికి అంటుతుంది, బీరంత మత్తో ఇంకా తక్కువో ఎక్కుతుంది, రెండుసార్లు మూత్రానికి పోతే దిగుతుంది. రాత్రి ఏడింటికీ తియ్యగా ఉన్న కల్లులో తీపి చెట్టుది కాదు. మందుకల్లు కేసుల్లో సాకరిన్ మామూలు సరుకు. ఇంకో మూడు పేర్లు కూడా మామూలే: సీహెచ్ అని పిలిచే క్లోరల్ హైడ్రేట్, పేపర్లు డైజోఫాం అని రాసే డయాజెపామ్, ఆల్ప్రాజోలం.

తాళ్లు తగ్గుతున్నాయి, ఎక్కేవాళ్లు తగ్గుతున్నారు, తాగేవాళ్లు తగ్గడం లేదు. ఆ తేడాను నీళ్లతో నింపి, నీళ్ల పలుచదనాన్ని పొడితో కప్పుతారు. ఇందులో చెట్టెక్కే మనిషి పాపం ఎంత, మధ్యలో సీసాలు నింపేవాడి పాపం ఎంత అని నన్నడిగితే, రెండోవాడి వైపే వేలు చూపిస్తాను.

క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. 1869లో బెర్లిన్‌లో లీబ్రైష్ దాన్ని నిద్రమందుగా నిలబెట్టాడు. నోటితో తీసుకుంటే నిద్ర తెచ్చిన తొలి కృత్రిమ రసాయనాల్లో అది ఒకటి. మద్యంతో దాని స్నేహం చాలా పాతది, చాలా చెడ్డది. మద్యం ఒంట్లో ఉంటే క్లోరల్ మరింత వేగంగా అసలు మత్తు పదార్థంగా మారుతుంది. ఆ మత్తు పదార్థం మళ్లీ మద్యం విరగకుండా అడ్డం పడుతుంది. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటాయి. అమెరికాలో బార్లలో బాటసారులకు ఇది కలిపిన గ్లాసు ఇచ్చి దోచుకునేవాళ్లు. మన దగ్గర దోపిడీ ఒక్క రాత్రితో అయిపోదు, మనిషి రోజూ తన కాళ్ల మీద తానే నడిచి వస్తాడు.

ఆల్ప్రాజోలం కొత్తతరం మందు, 1980ల మొదట్లో అమెరికాలో ఆందోళనకు, భయానికి వాడకంలోకి వచ్చింది. డాక్టరు మొదలుపెట్టే మోతాదు పావు మిల్లీగ్రాము. అంటే ఒక్క గ్రాము పొడిలో నాలుగు వేల మోతాదులు. దాన్ని డ్రమ్ములో పోసి కట్టెతో కలిపే చేతికి తూకం ఎక్కడిది? పైగా అది నీళ్లలో సరిగా కరగని పొడి. డ్రమ్ము పైనుంచి నింపిన సీసాకూ, అడుగు నుంచి నింపిన సీసాకూ ఒకటే ధర.

మన హమాలీ మూడో సీసా తెప్పించుకుంటాడు. "బోటి తింటే ఎక్కదన్నా," అంటాడు మీ చూపు గమనించి. సగం నిజం. కడుపు నిండా ఉంటే మద్యం రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని తక్కువ అనుకొని ఇంకోటి తాగుతారు. పగటి జలుబు గోలి, సీసాలోని మద్యం, సీసాలోని పొడి మూడూ మెదడు మీద ఒకే వైపు మొగ్గుతాయి. ఒక్కో బస్తా మోయగలిగిన వీపు మీద మూడు బస్తాలు ఒకేసారి వేసినట్టు. మెదడులో గాబా అనే రసాయనం నరాల ఉద్రేకాన్ని అణచి ఉంచుతుంది. మద్యం, ఆల్ప్రాజోలం, క్లోరల్ అన్నీ ఆ గాబా పనిచేసే చోటికే పోయి, వేర్వేరు మూలల్లో పట్టుకొని, దాని పట్టును పెంచుతాయి. నిద్ర మాత్రమే అయితే ఫరవాలేదు. ఊపిరి తీయమని చెప్పే కేంద్రం కూడా ఆ పట్టులోనే ఉంది.

బయటికి వచ్చాక మెడికల్ షాపు దగ్గర ఆగుతాడు. చేతిలో చర్మం డాక్టరు రాసిచ్చిన చీటీ. చెమట, తడి లుంగీ, తొడల మధ్య తామర. ఆరు నెలలుగా పూతమందులకు లొంగడం లేదు. కౌంటరు వెనక కుర్రాడు చీటీ చదివి ఇట్రాకొనజోల్ క్యాప్సూళ్లు తీస్తాడు.

"అన్నం తిన్నంక ఏస్కో అన్నా. ఉత్త కడుపున ఏస్కుంటే ఒంటికి పట్టదు."

"ఇంకో మాట తమ్మీ. నిద్ర గోలి నాలుగియ్యి. రాత్రి మెలకువొస్తే మళ్ల నిద్ర పడ్తలేదు."

"చీటీ లేకుంట అది ఇయ్యన్నా. రాసుకోవాలె." కుర్రాడు పొడుగాటి రిజిస్టరు తట్టి చూపిస్తాడు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన అది. ఆల్ప్రాజోలం, డయాజెపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ లాంటివి అమ్మితే రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారన్నదీ ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ తర్వాత కుర్రాడు అసలు ప్రశ్న అడుగుతాడు. అందరూ అడగరు, ఇతను అడిగాడు.

"వేరే గోలీలేమన్న వాడుతున్నవా? బీపీ, షుగర్, ఫిట్స్, నిద్రవి?"

"ఏం లేవు తమ్మీ."

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. అడగాల్సినవాడు అడిగాడు. చెప్పాల్సినవాడు నిజమే చెప్పాడు. చీటీ సరైనది, రిజిస్టరు శుభ్రంగా ఉంది, నిద్ర గోలి ఇవ్వలేదు. ఏ కాగితం మీదా ఆల్ప్రాజోలం లేదు. అది అతని పొట్టలో ఉంది, మూడు సీసాల లెక్కన.

ఇట్రాకొనజోల్‌కు ఒక గుణం ఉంది. కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైమును అది కట్టి పడేస్తుంది. ఆల్ప్రాజోలాన్ని విరిచి బయటికి పంపేది ఆ ఎంజైమే. ఇవి రెండూ కలిస్తే ఒంటికి అందే ఆల్ప్రాజోలం దాదాపు 2.7 రెట్లవుతుంది. కీటోకొనజోల్‌తో అయితే నాలుగు రెట్లు. అందుకే ఆల్ప్రాజోలం వాడేవాళ్లకు ఈ గోలీలు ఇవ్వకూడదని మందు కాగితంలోనే ఉంటుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా కొంత ఇదే పని చేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కార్బమజెపైన్ దీనికి ఎదురు: ఎంజైమును ఉసిగొల్పి నిద్రమందును తొందరగా తరిమేస్తాయి. అలాంటి మనిషికి కల్లు చాలదు, ఇంకో సీసా అడుగుతాడు. టీబీ కోర్సు ముగిసి ఆ గోలీలు ఆగాక, పెరిగిన సీసాలు మాత్రం పెరిగినట్టే ఉంటాయి.

మీరు జేబులోంచి ఫోను తీసి వెతికితే ముందు కనపడేది గ్రేప్‌ఫ్రూట్ రసం. దాంతో నిద్రమందు వద్దు అని ఎర్రక్షరాలు. ఆ పండుకు మన పంపర పనస తల్లి లాంటిదే, పేగులోని అదే ఎంజైమును అడ్డుకునే పదార్థాలు రెంటిలోనూ ఉన్నాయి. కానీ నోటితో తీసుకునే మిడజోలామ్ మీద పనిచేసినంతగా అది ఆల్ప్రాజోలం మీద పనిచేయదు. వరంగల్‌లో గ్రేప్‌ఫ్రూట్ రసం తాగే హమాలీని వెతకడం కంటే మీకు వేరే పనులున్నాయి. ఫోను లోపల పెట్టండి.

తర్వాతి వారం యార్డులో అతను రెండుసార్లు బస్తాల మీదే నిద్రపోయాడు. తోటివాళ్లు నవ్వారు. దగ్గు ఎక్కువైందని బీడీలు సగానికి తగ్గించాడు. మంచి పనే, కానీ పొగతాగేవాళ్ల ఒంట్లో ఆల్ప్రాజోలం మామూలు కంటే సగం దాకా తక్కువగా ఉండొచ్చు. పొగ తగ్గితే ఆ తగ్గింపూ పోతుంది. రాత్రిళ్లు గురక పెరిగింది. గురక మధ్యలో ఊపిరి ఆగి, భార్య మోచేత్తో పొడిస్తే మళ్లీ అందుకునేది. ఏళ్ల తరబడి మిర్చి దుమ్ము, బీడీ పొగ తిన్న ఊపిరితిత్తులు అవి. అలాంటి ఆయాసం ఉన్నవాళ్లకు, నిద్రలో గొంతు మూసుకుపోయేవాళ్లకు నిద్రమందు డాక్టరే ఇచ్చినా భయపడుతూ ఇస్తాడు. ఆరోగ్యవంతుల్లో ఆల్ప్రాజోలం సగానికి తగ్గడానికి దాదాపు 11 గంటలు పడితే, వయసు మళ్లినవాళ్లలో 16, మద్యంతో కాలేయం చెడినవాళ్లలో 20 గంటలు పడుతుంది. ఆమెకు ఈ లెక్కలు తెలియవు. "ఈ నడుమ కల్లు జోరుగ వస్తున్నట్టుంది," అనుకుంది. ఆమె అనుకున్నది పెద్ద తప్పేం కాదు.

బుధవారం ఎక్సైజ్ వాళ్లు వచ్చారు. సీసాలు పట్టుకుపోయారు, షెడ్డుకు తాళం పడింది. గల్లీలో కొందరు పీడ వదిలిందన్నారు.

2015 సెప్టెంబరులో తెలంగాణ అంతా ఇదే జరిగింది. కల్తీ కల్లు మీద ప్రభుత్వం విరుచుకుపడింది. దుకాణాలు మూతపడ్డ కొద్దిరోజులకే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులకు జనం బారులు తీరారు. వణుకు, పిచ్చిచూపులు, లేనివి కనపడడం, ఫిట్స్. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిటకిటలాడింది. వాళ్లను ఆస్పత్రికి పంపింది కల్లు కాదు, కల్లు దొరకకపోవడం. పదేళ్ల తర్వాత, 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కథ రెండో వైపు నుంచి నడిచింది: తాగినవాళ్లే పడిపోయారు, పలువురు చనిపోయారు, నమూనాల్లో ఆల్ప్రాజోలం తేలింది. ఉంటే ఒక ప్రమాదం, లేకపోతే ఇంకో ప్రమాదం.

గురువారం అతనికి నిద్ర పట్టలేదు. శుక్రవారం చేతులు వణికాయి, గోడ మీద చీమలు పాకుతున్నాయని దులిపాడు. మామూలుగా ఆల్ప్రాజోలం ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ఇవి ముదురుతాయి. ఇతనికి తామర గోలి ఆ మందును ఒంట్లో ఇంకాస్త నిలిపింది కాబట్టి మూడో రోజు దాకా లాగింది. శనివారం రాత్రి పళ్లు కరుచుకొని పడిపోయాడు. ఏళ్లుగా బయటి నుంచి అణచివేత అందుతుంటే మెదడు తన సొంత అణచివేతను తగ్గించుకుంటుంది. బయటిది ఒక్కసారిగా తీసేస్తే ఉద్రేకానికి అడ్డు ఉండదు.

నగరంలో ఒక ఆస్పత్రి, అత్యవసర విభాగం, రాత్రి ఒంటిగంటన్నర. మీరు గోడవారగా నిలబడండి, స్ట్రెచర్లకు దారివ్వండి. డ్యూటీ డాక్టరమ్మకు ముప్పై కూడా ఉండవు. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి, వేలు పొడిచి షుగర్ చూసి, నర్సుతో విటమిన్ బి1 ముందు ఎక్కించమంటుంది, గ్లూకోజ్ తర్వాత. తాగుడు మనిషికి ఆ వరుస తప్పితే మెదడుకు ప్రమాదం. భార్య వైపు తిరుగుతుంది.

"ఏం మందులు వాడుతడమ్మా?"

ఆమె ప్లాస్టిక్ కవరు బల్ల మీద బోర్లిస్తుంది. జలుబు గోలీలు, క్యాప్సూళ్లు, బీడీకట్ట.

"తాగుతడా?"

"సారా ముట్టడు మేడమ్. ఉత్త కల్లే."

డాక్టరమ్మ క్యాప్సూలు అట్ట వెనక్కి తిప్పి చదువుతుంది. ఒకసారి అతన్ని చూస్తుంది, ఒకసారి అట్టను.

"ఏ దుకాణం? రోజుకు ఎన్ని సీసాలు? ఎప్పటిసంది బంద్ అయింది?"

ఈ మూడు ప్రశ్నలు ఏ విదేశీ పుస్తకంలోని పట్టికలోనూ ఉండవు. వరంగల్‌లో మందుల తగాదాలు కనిపెట్టాలంటే ముందు అడగాల్సినవి ఇవే అని నాకు అనిపిస్తుంది. బీపీ, షుగర్ గోలీల సంగతి ఆ తర్వాత.

నర్సు డయాజెపామ్ ఇంజెక్షన్ తీయబోతుంటే ఆమె వద్దని, లోరాజెపామ్ అడుగుతుంది. రెండూ ఒకే కుటుంబం. కానీ డయాజెపామ్ విరగడానికి ఇప్పుడు కట్టిపడేసి ఉన్న ఆ ఎంజైము కూడా కావాలి, విరిగాక పుట్టే పదార్థం కూడా రోజుల తరబడి ఒంట్లో తిరుగుతుంది. లోరాజెపామ్‌కు ఆ దారితో పనిలేదు, చెడిన కాలేయం కూడా దాన్ని వేరే దారిన పంపగలదు. పక్కనే ఆక్సిజన్ గొట్టం, ఊపిరి తగ్గితే పట్టుకోవడానికి సంచి. మత్తును విరగగొట్టే ఫ్లుమజెనిల్ అనే విరుగుడు కూడా ఉంది గానీ, అలవాటుపడ్డ ఇలాంటి మనిషికి అదిస్తే మళ్లీ ఫిట్స్ రావచ్చు.

సూది దిగిన కాసేపటికి అతని దవడ వదులవుతుంది. భార్య డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతుంది.

"ఒక్క సీసా తాపిస్తే కుదురుకుంటడా మేడమ్? మా ఆడిబిడ్డ ఎక్కడన్న దొరికిచ్చుకొస్తనంటున్నది."

"కుదురుకుంటడమ్మా, అబద్ధమెందుకు. అండ్ల ఉన్నది ఇసొంటిదే." ఖాళీ ఆంప్యూలు ఎత్తి చూపిస్తుంది. "ఇది రెండు మిల్లీగ్రాములు. ఆ సీసాల ఎంతుందో నీకు తెల్వదు, నాకు తెల్వదు, నింపినోనికీ తెల్వదు. ఇదైతే తెలిసి ఇస్త, తెలిసి తగ్గిస్త. కొన్ని వారాలు పడ్తది. నడుమల నీ అంతల నువ్వు ఆపొద్దు."

"మరి ఈ తామర గోలి?"

"అది బంద్ పెట్టు. పూతమందు రాస్త. ఆ గోలి ఆపినంక కూడ వారం పదిరోజులు దాని జోరు పోదు, అందుకే మెల్లగ తగ్గిద్దామంటున్న. జలుబు గోలీలు గూడ వద్దు. యార్డుకు పోయినప్పుడు మూతికి బట్ట కట్టుకొమ్మను."

కేసుషీట్‌లో మందుల గడి ఉంది. ఆమె అందులో ఇట్రాకొనజోల్ అని రాసి, క్లోర్‌ఫెనిరమిన్ అని రాసి, దాని కింద 'కల్లు, రోజుకు 3 సీసాలు, బుధవారం నుంచి లేదు' అని రాస్తుంది. అప్పటికే పక్క మంచం దగ్గర ఒక పిల్లాడు వాళ్ల నాయనను పట్టుకొని నిలబడ్డాడు. ముసలాయన గాలిలో ఏదో అందుకోబోతున్నాడు, చేతులు వణుకుతున్నాయి. డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలో సర్దుకొని అటు నడుస్తుంది.

"మీ నాయిన ఏ దుకాణంల తాగుతడు తమ్మీ?"